గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డ్ మాక్రోలు: ఏ పని అప్పగించాలి, ఏ పని అప్పగించకూడదు

కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో పుస్తకాలను కేటలాగ్ చేసేటప్పుడు, అంటే వాటి వివరాలను నమోదు చేసేటప్పుడు, ప్రతి రికార్డులోనూ అవే కొన్ని ఫీల్డులు, అవే గమనికలు, అవే ఐటమ్ (పుస్తకపు ఒక్కొక్క ప్రతి) వివరాలు మళ్లీ మళ్లీ కొట్టవలసి వస్తోందని, ఈ శ్రమను కీబోర్డ్ మాక్రోలతో (ముందే రాసిపెట్టిన కీలను వరుసగా తామే కొట్టే చిన్న స్క్రిప్టులతో) తగ్గించుకోవచ్చా, అందుకు ఏ సాధనం వాడాలి, దానివల్ల డేటా పాడయ్యే ప్రమాదం ఉందా అని మీరు అడిగారు.

తగ్గించుకోవచ్చు. విండోస్‌పై పని చేసేవారికి ఆటోహాట్‌కీ అనే ఉచిత సాధనం సరిపోతుంది. లినక్స్ లేదా మ్యాక్ కూడా వాడే చోట, మీకు కావలసింది పదాలను విస్తరించడం మాత్రమే అయితే, ఎస్పాన్సో అనే సాధనం మూడింటి మీదా పని చేస్తుంది. డేటా పాడవుతుందా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: టైపింగును మాక్రోకు అప్పగించండి, రికార్డును సేవ్ చేసే కీని మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. మాక్రోల వల్ల రికార్డులు చెడిపోయాయని నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం, మాక్రోయే ఫీల్డు నింపి, తానే సేవ్ చేసి, తానే తరువాతి రికార్డును తెరిచేలా రాసుకున్న చోట్ల నుంచి వచ్చినవే.

అయితే స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు, మీరు చేయదలచుకున్న పని కోహాలోనే సిద్ధంగా ఉన్నదేమో చూసుకోవాలి. ప్రతి రికార్డులోనూ మారకుండా ఉండే విలువలను మార్క్ (గ్రంథ వివరాలను సంఖ్యలున్న ఫీల్డులుగా, వాటిలోని సబ్‌ఫీల్డులుగా రాసే ప్రమాణం) ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే రికార్డు నమూనా ఫారంలో, ఆయా సబ్‌ఫీల్డులకు డిఫాల్ట్ విలువలుగా ఇవ్వవచ్చు. కొత్త రికార్డు తెరిచేసరికి అవి నిండి ఉంటాయి. ఐటమ్‌లు చేర్చేటప్పుడు ముందరి ఐటమ్ వివరాలే తరువాతి దానికి రావాలంటే అందుకు సిస్టమ్ ప్రిఫరెన్సులలో ఒక అమరిక ఉంది. బార్‌కోడ్ సంఖ్యను దానంతటదే పెంచుకుంటూ పోయే అమరిక వేరే ఉంది. ఒకే పుస్తకానికి అనేక ప్రతులు ఉంటే ఒకేసారి చేర్చే బటన్ కూడా అదే పేజీలో ఉంటుంది. మాక్రో కావాలని అడిగినవారిలో చాలామందికి చివరకు ఈ అమరికలతోనే పని తీరిపోవడం నేను గమనించాను.

రెండవది, ఇప్పటికే ఉన్న వందలాది రికార్డులలో ఒకే మార్పు చేయవలసి ఉంటే అది మాక్రో పని కాదు. బార్‌కోడ్‌ల జాబితాను ఒక ఫైలుగా ఇచ్చి ఐటమ్‌లన్నిటినీ ఒకేసారి మార్చే సదుపాయం కోహాలో ఉంది. మార్క్ సవరణ టెంప్లేట్లు రాసుకుని రికార్డులను గుత్తగా మార్చవచ్చు. బయటి నుంచి తెచ్చిన రికార్డులకు దిగుమతి సమయంలోనే ఆ టెంప్లేటును వర్తింపజేయవచ్చు. ఇంకా క్లిష్టమైన మార్పులకు మార్క్‌ఎడిట్ అనే విడి సాధనం ఉంది. తెర మీద ఒక్కొక్క రికార్డునూ తెరుస్తూ, మారుస్తూ, మూసేస్తూ రాత్రంతా నడిచే మాక్రో చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, మధ్యలో ఒక పేజీ ఆలస్యంగా తెరుచుకున్నా ఆ తరువాతి మార్పులన్నీ వేరే రికార్డుల్లో పడతాయి. నేను పాటించే విభజన ఇది: నిర్ణయం ఏమీ అవసరం లేని మార్పు అయితే బ్యాచ్ పద్ధతి, పుస్తకం చేతిలో పట్టుకుని, చూసి, ఆలోచించి నింపవలసింది అయితే, అందులో యాంత్రికమైన భాగానికి మాత్రమే మాక్రో.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మాక్రోకు కళ్లు లేవు. గానుగెద్దులాగా తనకు అలవాటు చేసిన దారిలోనే తిరుగుతుంది తప్ప, ఎదుట ఏ పేజీ ఉంది, కర్సర్ ఏ పెట్టెలో ఉంది అన్నది దానికి పట్టదు. మీరు రాసిన కీలను రాసిన క్రమంలో పంపడం వరకే దాని బాధ్యత. అందువల్ల మంచి మాక్రో అంటే చిన్న మాక్రో: ఒక చోట మొదలై, ఒక చిన్న పని చేసి, అక్కడే ఆగిపోయేది.

మీ పనికి అన్నిటికంటే ఉపయోగపడేది పద విస్తరణ, అంటే ఒక చిన్న సంకేతం కొడితే దాని స్థానంలో పూర్తి పాఠం వచ్చేలా చేయడం. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఆర్‌డిఎ అనే కేటలాగింగ్ నియమాల ప్రకారం కేటలాగ్ చేసే మామూలు అచ్చు పుస్తకానికి 336, 337, 338 ఫీల్డులు దాదాపు ఎప్పుడూ ఒకటే: విషయం అక్షర రూపంలో ఉందని, చదవడానికి పరికరం అక్కర్లేదని, అది ఒక సంపుటమని చెప్పే మూడు వరుసలు. ప్రతి వరుసలోనూ ఎ సబ్‌ఫీల్డులో పదం, బి సబ్‌ఫీల్డులో దాని కోడ్, 2 సబ్‌ఫీల్డులో ఆ పదజాలం పేరు ఉంటాయి. కోహాలోని అడ్వాన్స్‌డ్ ఎడిటర్‌లో రికార్డంతా వరుసలుగా కనిపిస్తుంది; ఎంటర్ కొడితే కొత్త ఫీల్డు, కంట్రోల్ డి కొడితే సబ్‌ఫీల్డు గుర్తు వస్తాయి. కాబట్టి సెమికోలన్, దాని వెంటనే 33 అని కొట్టగానే ఈ మూడు వరుసలూ పడేలా ఒక సంకేతం రాసుకుంటే, ఫీల్డు సంఖ్య, ఖాళీ ఇండికేటర్లు (ఫీల్డు సంఖ్య పక్కన ఉండే రెండు స్థానాలు), పదం, కంట్రోల్ డి, కోడ్, మళ్లీ కంట్రోల్ డి, పదజాలం పేరు, ఎంటర్ అన్న క్రమాన్ని మూడుసార్లు అది మీకోసం కొట్టిపెడుతుంది. తరువాత కర్సర్ నాలుగవ వరుసలో నిలబడి ఉంటుంది, మీరు పడిన వరుసలను ఒకసారి చూసుకుని ముందుకు సాగుతారు. శబ్ద పుస్తకానికి, పటానికి, డిస్కుకు వేర్వేరు సంకేతాలు పెట్టుకోవచ్చు.

సంకేతాన్ని సెమికోలన్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మామూలుగా రాసే పాఠంలో సెమికోలన్ తరువాత ఖాళీ వస్తుంది కానీ వెంటనే అంకె రాదు. కాబట్టి గ్రంథ శీర్షికలో గానీ గమనికలో గానీ పొరపాటున ఆ సంకేతం తగిలి మూడు ఫీల్డులు ఊడిపడే అవకాశం చాలా తక్కువ. ఆటోహాట్‌కీలో మామూలుగా ఖాళీ గానీ ఎంటర్ గానీ విరామ చిహ్నం గానీ కొట్టిన తరువాతే విస్తరణ జరుగుతుంది. నక్షత్రం గుర్తుతో కూడిన ఐచ్ఛికం ఇస్తే వెంటనే జరుగుతుంది. కొత్తవారు మొదటి పద్ధతిలోనే ఉంచుకోవడం క్షేమం.

గమనికల ఫీల్డులకు కూడా ఇదే పద్ధతి బాగా పనికివస్తుంది. గ్రంథసూచి ఉందని చెప్పే 504, సాధారణ గమనిక 500, భాషను తెలిపే 546 వంటివి నలుగురు కేటలాగర్లు నాలుగు రకాలుగా రాస్తారు. ఒకరు చివర చుక్క పెడతారు, మరొకరు పెట్టరు. అందరూ ఒకే సంకేతాల ఫైలును వాడితే మాట ఒకే రూపంలో పడుతుంది. ఈ ఏకరూపత నా దృష్టిలో ఆదా అయిన సమయం కంటే విలువైనది, ఎందుకంటే రేపు ఆ గమనికను వెతికి గుత్తగా మార్చాలన్నా అది ఒకే రూపంలో ఉండాలి. గమనికలు తెలుగులో ఉన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం: పొల్లు హల్లు తరువాత కనిపించని విభజన అక్షరం ఒకరు కొట్టి మరొకరు కొట్టకపోతే, చూడడానికి ఒకేలా ఉన్న రెండు మాటలు యంత్రానికి రెండు వేర్వేరు మాటలు అవుతాయి.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కును తప్పక తెలుసుకోవాలి. ఆటోహాట్‌కీ పంపే పాఠంలో కొన్ని గుర్తులకు ప్రత్యేక అర్థం ఉంది: ప్లస్ అంటే షిఫ్ట్, క్యారెట్ అంటే కంట్రోల్, ఆశ్చర్యార్థకం అంటే ఆల్ట్, హ్యాష్ అంటే విండోస్ కీ. ప్రోగ్రామింగ్ పుస్తకాలకు సి++ భాష విషయ శీర్షికను సంకేతంగా రాసుకున్నారనుకోండి. ఆ రెండు ప్లస్ గుర్తులూ షిఫ్ట్‌గా మారి మాయమైపోతాయి, మిగిలేది సి భాష శీర్షిక. అది కూడా సరైన శీర్షికే కాబట్టి ఏ తనిఖీలోనూ పట్టుబడదు, కానీ పుస్తకం తప్పు విషయం కింద చేరిపోతుంది. ఉన్నది ఉన్నట్లుగా పంపే టెక్స్ట్ పద్ధతిని ఎంచుకుంటే ఈ సమస్య ఉండదు. ఆ పద్ధతిలో కంట్రోల్ డి వంటి కీలను మాత్రం విడిగా పంపాలి.

అసలు రచయితల పేర్లను, విషయ శీర్షికలను మాక్రోతో నేరుగా కొట్టించడం నేను ప్రోత్సహించను. అథారిటీ రికార్డును (ఒక పేరుకు లేదా విషయానికి ఖాయం చేసిన రూపాన్ని భద్రపరిచే రికార్డును) వెతికి ఎంచుకున్నప్పుడు దాని సంఖ్య 9 సబ్‌ఫీల్డులో చేరి లంకె ఏర్పడుతుంది. ఉత్త అక్షరాలు కొట్టినప్పుడు ఆ లంకె అక్కడికక్కడ ఏర్పడదు. మాక్రో అథారిటీ వెతుకుడు పెట్టెను తెరిచి, పేరు కొట్టి ఆగిపోతే చాలు. వచ్చిన ఫలితాలలో సరైనది ఏదో మనిషే ఎంచుకోవాలి.

ప్రతి సబ్‌ఫీల్డుకూ ఒక పెట్టె ఉండే కోహా బేసిక్ ఎడిటర్‌లో మాక్రోలు రాసేవారు సాధారణంగా ట్యాబ్ లెక్క మీద ఆధారపడతారు: ఇక్కడి నుంచి పన్నెండుసార్లు ట్యాబ్ కొడితే ఫలానా పెట్టె వస్తుంది అన్న లెక్క. ఇది ఎంత బలహీనమైన పునాదో చెప్పడానికి ఒక సందర్భం చాలు. నేను శిక్షణ ఇచ్చిన ఒక గ్రంథాలయంలో ఇలాంటి మాక్రో చాలాకాలం చక్కగా నడిచింది. ఒకరోజు నిర్వాహకులు ఫ్రేమ్‌వర్క్‌లో అంతవరకు దాచి ఉంచిన ఒక సబ్‌ఫీల్డును కనిపించేలా చేశారు. లెక్క ఒకటి తప్పింది. ప్రచురణ సంవత్సరం వెళ్లి ప్రచురణకర్త పెట్టెలో, ప్రచురణకర్త పేరు వెళ్లి స్థలం పెట్టెలో కూర్చున్నాయి. మాక్రో సేవ్ కూడా చేసేస్తోంది కాబట్టి ఎవరూ చూడలేదు. ఒక పాఠకుడు ప్రచురణకర్త పేరుతో వెతికి దొరకలేదని చెప్పేవరకు తెలియలేదు. కేటలాగింగ్ మార్పుల లాగ్ ఆన్‌లో ఉంది కాబట్టి ఏ రికార్డులు మారాయో పట్టుకోగలిగారు. ఆ లాగ్ మీ దగ్గర ఆన్‌లో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. ట్యాబ్ లెక్కలు తప్పించుకోవాలంటే అడ్వాన్స్‌డ్ ఎడిటర్‌లోకి మారడమే తేలిక మార్గం, ఎందుకంటే అక్కడ ఫీల్డు సంఖ్యను కూడా మీరే కొడతారు. ఆ ఎడిటర్‌కు సొంత మాక్రోల సదుపాయం కూడా ఉంది, బయటి సాధనమేదీ స్థాపించుకోవడానికి అనుమతి లేని చోట దానితో కొంత నెట్టుకురావచ్చు.

తరువాతి విషయం వేచి ఉండడం. వెబ్ ఆధారిత సాఫ్ట్‌వేర్‌లో ఒక పేజీ తెరుచుకోవడానికి పట్టే సమయం ఒకసారి ఉన్నట్లు మరొకసారి ఉండదు. చాలామంది మాక్రో మధ్యలో రెండు సెకన్లు ఆగు అని రాస్తారు. సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు అది వృథా, రద్దీగా ఉన్నప్పుడు అది చాలదు. దీనికి బదులు, విండో శీర్షిక మారేవరకు వేచి ఉండమని చెప్పాలి. కోహాలో ప్రతి పేజీకి బ్రౌజర్ శీర్షిక వేరుగా ఉంటుంది కాబట్టి ఇది సాధ్యమే. దానికి ఒక గడువు కూడా పెట్టి, ఆ గడువులోగా శీర్షిక రాకపోతే మాక్రో ఒక సందేశం చూపి ఆగిపోయేలా రాయండి. అలాగే మాక్రోలన్నీ కోహా విండో ముందున్నప్పుడు మాత్రమే పని చేసేలా షరతు పెట్టండి. లేకపోతే ఎవరికో ఈమెయిల్ రాస్తూ ఉండగా 336 ఫీల్డు వచ్చి పడుతుంది.

శీర్షిక పద్ధతికి ఒక పరిమితి ఉంది: పేజీ లోపలే తెరుచుకునే హెచ్చరిక పెట్టెలకు విండో శీర్షిక మారదు. ఇది సర్క్యులేషన్‌లో, అంటే పుస్తకాలు ఇచ్చి తిరిగి తీసుకునే పనిలో, ఎక్కువగా బాధిస్తుంది. తిరిగి వచ్చిన పుస్తకాన్ని మరో సభ్యుడు రిజర్వు చేసుకుని ఉంటే కోహా ఒక పెట్టెను చూపి, దాన్ని ఖాయం చేయమంటారా అని అడుగుతుంది. ఆ సమయంలో మాక్రో నుంచి గానీ స్కానర్ నుంచి గానీ ఒక ఎంటర్ వెళితే అది ఆ పెట్టెలోని బటన్‌ను నొక్కేయగలదు. అందుకే తిరిగి తీసుకునే కౌంటరు దగ్గర వరుస మాక్రోలు వద్దని నా అభిప్రాయం. అక్కడ అవసరమైనవి ఒక పేజీ నుంచి మరో పేజీకి దూకే షార్ట్‌కట్‌లు మాత్రమే, అవి కోహాలోనే ఉన్నాయి: ఆల్ట్ యు ఇచ్చే ట్యాబ్‌కు, ఆల్ట్ ఆర్ తీసుకునే ట్యాబ్‌కు, ఆల్ట్ క్యూ కేటలాగ్ వెతుకుడుకు. ఫైర్‌ఫాక్స్‌లో వీటికి షిఫ్ట్ కూడా కలపాలి.

స్కానర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. యుఎస్‌బి బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్ దృష్టిలో మరో కీబోర్డు మాత్రమే. చదివిన అంకెలను కొట్టి చివర ఎంటర్ కొడుతుంది. ఆ చివరి ఎంటర్‌ను ట్యాబ్‌గా మార్చడానికి, ముందు ఏదైనా అక్షరం చేర్చడానికి దాని మాన్యువల్‌లో అమరిక బార్‌కోడ్‌లు ముద్రించి ఉంటాయి. ఐటమ్ చేర్చే పేజీలో బార్‌కోడ్ స్కాన్ చేయగానే ఫారం పూర్తి కాకముందే సమర్పితమైపోతోందని వాపోయేవారికి ఎంటర్‌ను ట్యాబ్‌గా మార్చుకోవడమే మందు, స్క్రిప్టుతో పని లేదు. ఇంకొక చిక్కు మన భాషల్లో పని చేసేవారికి మాత్రమే ఎదురవుతుంది. తెలుగు శీర్షిక కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికను ఆన్ చేసి, ఆఫ్ చేయడం మరిచి బార్‌కోడ్ స్కాన్ చేస్తే, పెద్ద ఎల్ అక్షరం ఉండవలసిన చోట థ పడుతుంది. స్కానర్ పంపేది అక్షరాన్ని కాదు, కీ స్థానాన్ని. కీల స్థానాలను రికార్డు చేసుకునే మాక్రో కీబోర్డులదీ ఇదే పరిస్థితి. ఆటోహాట్‌కీలోని టెక్స్ట్ పద్ధతి అక్షరాలనే పంపుతుంది కాబట్టి ఈ బాధ ఉండదు.

ఏ కీలకు మాక్రోలు కేటాయించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తరువాత ఇబ్బంది పెట్టేది ఇదే. కంట్రోల్ డబ్ల్యూ, కంట్రోల్ టి వంటివి బ్రౌజర్‌వి. ఇన్సర్ట్, క్యాప్స్ లాక్ కీలను తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడుకుంటుంది. మీ సహోద్యోగులలో చూపు లేనివారు ఉంటే వాటి జోలికి పోవద్దు. మామూలు కీబోర్డులో కనిపించకపోయినా విండోస్‌కు ఎఫ్ 13 నుంచి ఎఫ్ 24 వరకు కీలు తెలుసు. అమర్చుకోదగిన చిన్న కీప్యాడ్ ఉంటే దాని బటన్లకు ఇవి కేటాయించండి, ఇతర సాఫ్ట్‌వేర్‌లు వీటిని వాడడం అరుదు. మాక్రోను మధ్యలో ఆపేయడానికి ఒక కీ తప్పనిసరిగా ఉండాలి. నేను పాజ్ కీ వాడతాను.

పాస్‌వర్డును ఎప్పుడూ మాక్రోలో రాయకండి. స్క్రిప్టు అంటే ఎవరైనా తెరిచి చదవగల ఫైలు. దాన్ని ఇఎక్స్‌ఇగా మార్చినా లోపలి పాఠాన్ని బయటికి తీయవచ్చు. పైగా అలా మార్చిన ఫైళ్లను కొన్ని యాంటీవైరస్‌లు అనుమానించి తొలగిస్తాయి, అప్పుడు సంస్థ కంప్యూటర్ విభాగానికి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. వారితో ముందే మాట్లాడి అనుమతి తీసుకోవడం మేలు.

ఆటోహాట్‌కీ రెండవ వెర్షన్ 2022 డిసెంబరులో స్థిరంగా విడుదలైంది, దాని వాక్యనిర్మాణం మొదటి దానికంటే చాలా భిన్నం. ఇంటర్నెట్‌లో దొరికే పాత స్క్రిప్టులలో ఎక్కువ భాగం మొదటి వెర్షన్‌వి. వాటిని యథాతథంగా తెచ్చి పెడితే తప్పు సందేశాలే వస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారు రెండవ వెర్షన్‌నే నేర్చుకోండి. అది ఫైలును యుటిఎఫ్ 8 అనే, అన్ని లిపులనూ భద్రపరిచే పద్ధతిలోనే చదువుతుంది కాబట్టి తెలుగు పాఠం చెదిరిపోదు. మొదటి వెర్షన్‌లో ఫైలును బిఓఎం గుర్తుతో (ఫైలు మొదట్లో ఉండి ఆ పద్ధతిని తెలిపే గుర్తుతో) భద్రపరచకపోతే తెలుగు గమనికల స్థానంలో అర్థం లేని గుర్తులు వచ్చేవి.

కోహా కాక ఇతర సాఫ్ట్‌వేర్ వాడేవారికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి, అయితే ముందుగా దానిలోనే మాక్రో సదుపాయం ఉందేమో చూడండి. ఉదాహరణకు ఓసీఎల్‌సీ అనే గ్రంథాలయ సహకార సంస్థ వారి కనెక్షన్ క్లయింట్ అనే కేటలాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను పోలిన సొంత మాక్రో భాష ఉంది. అది రికార్డులోని ఫీల్డులను పేరుపెట్టి చదవగలదు, మార్చగలదు కాబట్టి గుడ్డిగా కీలు పంపే పద్ధతి కంటే ఎంతో నమ్మదగినది. లినక్స్‌లో ఎక్స్‌డూటూల్, ఆటోకీ ఉన్నాయి, కానీ అవి తెరపై విండోలను చూపే పాత ఎక్స్11 వ్యవస్థ కోసం తయారైనవి, దాని స్థానంలో వస్తున్న వేలాండ్‌పై వాటిని నమ్ముకోలేం.

మీరు 336, 337, 338 సంకేతంతోనే మొదలుపెట్టండి. ముందు టెస్టు సర్వర్‌పై, అది లేకపోతే ఎవరికీ అక్కర్లేని ఒక నమూనా రికార్డుపై ప్రయత్నించండి. అది అలవాటైన తరువాత గమనికలు, ఆపైన స్పైన్ లేబుల్ (పుస్తకం వెన్నుపై అంటించే చీటీ) కోసం కాల్ నంబరును (అరలో పుస్తకం స్థానాన్ని తెలిపే గుర్తును) కాపీ చేసి లేబుల్ ప్రోగ్రాములో పెట్టడం వంటివి ఒక్కొక్కటిగా చేర్చుకోండి. స్క్రిప్టులో ప్రతి సంకేతం పక్కన అది ఏమి చేస్తుందో ఒక వాక్యం రాసి, అందరూ ఒకే ఫైలును వాడేలా పంచుకున్న ఫోల్డరులో ఉంచండి. కోహా కొత్త వెర్షన్లు ఏటా మే, నవంబరు నెలల్లో వస్తాయి. మీ దగ్గర అప్‌గ్రేడ్ జరిగిన రోజు ఉదయం, ఎవరూ పని మొదలుపెట్టకముందే, సంకేతాలన్నిటినీ ఆ నమూనా రికార్డుపై ఒకసారి నడిపి చూడండి.